అప్‌డేట్: స్టాలిన్‌గ్రాడ్ శిథిల భవనం బేస్ వంగడం ఆగింది

1942 స్టాలిన్‌గ్రాడ్ వీధిలో 1/35 స్కేల్ టీ-34 (సోవియట్ ట్యాంక్) మోడల్‌ని నిలబెట్టడానికి కూలిన ఇంటి బేస్ చేస్తుంటే, ప్లాస్టర్ ఆరేకొద్దీ ప్లైవుడ్ మూలలు పైకి లేచి గోడ మొదట్లో పగుళ్లొస్తున్నాయని అడిగాను కదా. ఇప్పుడు సరిపోయింది. సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్!

పనిచేసింది ప్లైవుడ్‌కి ముందే వార్నిష్ కొట్టమన్న సలహానే. కొత్త ప్లైవుడ్‌కి రెండు వైపులా, అంచులకి కూడా కొట్టి బాగా ఆరనిచ్చాను. చెక్క ఒకవైపే తడి పీల్చుకోవడం వల్లే వంగుతోంది. నేల ఎత్తంతా ఎక్స్‌పీఎస్ ఫోమ్‌తో (థర్మాకోల్ లాంటిదే, కాస్త గట్టిది) లేపి, ప్లాస్టర్ పల్చటి పూతగానే వేశాను. ప్లాస్టర్ బ్రాండ్, అందులో కలిపే ఫెవికాల్ పాళ్లు మార్చినా తేడా ఏమీ రాలేదు.

ఇటుక కొలత అడిగినవాళ్లకి: సోవియట్ ఇటుక 250×120×65 మి.మీ., ఈ స్కేల్‌లో సుమారు 7×3.5×2 మి.మీ. గోడంతా ఫోమ్ మీద మొద్దు పెన్సిల్‌తో నొక్కి గీస్తే చాలు. విరిగిన అంచులో మాత్రం ఇటుకలు విడివిడిగా కోసి అతికించండి, గీతలైతే ఇట్టే తెలిసిపోతాయి.