జయప్రకాశ్ రెడ్డిని నిలబెట్టింది నాటకమా, సీమ యాసా?

కేసీ కెనాల్: కర్నూలులో సినిమా పిచ్చి ఉండే పిల్లోళ్లంతా ఒకటే మాట అంటాండారు: "నాటకాలు ఎందుకన్నా, మన యాస ఉంటే చాలు, జయప్రకాశ్ రెడ్డి అట్లనే వచ్చినాడు కదా" అని. నేనొప్పుకోను. ఆయన సినిమాల్లోకొచ్చింది 1988లో, బ్రహ్మపుత్రుడుతో. పేరొచ్చింది 1997లో, ప్రేమించుకుందాం రాతో. నడుమ తొమ్మిదేండ్లు. యాస అప్పుడూ ఉండె కదా?

బురుజు నీడ: నాటకమూ ఉండె కదన్నా, ఏం ఒరిగింది? ఆయన లెక్కల అయ్యవారు కదా, మళ్లీ బడికే పోయినాడు. ఫ్యాక్షన్ కథలొచ్చినాకే, సీమ గొంతు కావాల్సొచ్చినాకే ఆయన గుర్తొచ్చినాడు. 1999లో సమరసింహారెడ్డి కూడా అంతే.

కేసీ కెనాల్: మరి మొదట ఎట్ల దొరికినాడు? నల్లగొండలో నాటకం ఆడతాంటే దాసరి నారాయణరావు చూసి రామానాయుడుకు చెప్పినాడు. ఇంగోటి. పుట్టింది మన సీమలో, సిరివెళ్లలోనే గానీ నాయన ఎస్సై. చదువు కొన్నాళ్లు నెల్లూరులో, కొన్నాళ్లు అనంతపురంలో. అట్లా తిరిగినోని నోట్లో మన మాట అంత పదునుగా పలికిందంటే, చెవి పెట్టి విని పట్టినట్టే. అది నాటకమోళ్ల విద్య.

పెన్నేటి గట్టు: మా తాడిపత్రిలో పుట్టిన బళ్లారి రాఘవ సంగతేంది మరి? వకీలు, మేనమామ నాటకాలు రాసిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు. స్టేజీ మీద అంత పేరు. సినిమాలు మాత్రం రైతుబిడ్డ (1939) లాంటివి రెండు మూడే.

కేసీ కెనాల్: ఆయన 1880లో పుట్టినాడు. తెలుగు టాకీ వచ్చేసరికే యాభై దాటింది. ఈ లెక్కలోకి ఆయన్ని తేవద్దప్పా.

సిరివెళ్ల ఆడపడుచు: యాస నిలబెట్టింది అంటాండారే, కట్టేసింది కూడా అదే. మన మాట మాట్లాడితే విలనే అన్నట్టయింది (ఆ కోపం నాకింకా ఉంది, అది వేరే సంగతి). పేరొచ్చినాక కూడా ఆయన అలెగ్జాండర్ నాటకం ఆడతానే ఉండె, స్టేజీ మీద ఒక్కడే, ఇంకో పాత్ర లేదు. యాసతోనే పనయిపోయి ఉంటే ఆ తిప్పలెందుకు?

బురుజు నీడ: సరే అక్కా, నటన నాటకమే నేర్పిందనుకుందాం. తలుపు తీసింది మాత్రం యాసే. ఇప్పుడు ఆడిషన్‌కు పోతే "సీమ డైలాగు ఒకటి చెప్పు" అంటారు గానీ, ఏ నాటకం ఆడినావని ఎవరూ అడగరు.

కేసీ కెనాల్: ఆ డైలాగు చెప్పినాక, అరుపుల్లేని సీను ఒకటి చేతికిస్తారు కదప్పా. అప్పుడేం చేస్తావు?