క్యాజువాలిటీలో ముందు ఎవరిని చూడాలి?

కృష్ణాతీరం: గత నెల అర్ధరాత్రి మా అమ్మను పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. దవడ లాగుతోందని, ఒళ్లంతా చెమటలని చెప్పింది. “గ్యాసు అయి ఉంటుంది, చీటీ రాయించుకుని రండి” అన్నారు. ఈసీజీ తీసేసరికి 50 నిమిషాలు. చూస్తే గుండెపోటు. వచ్చిన 10 నిమిషాల్లో ఈసీజీ తీయాలని వైద్యులే చెబుతారు కదా, చీటీ దగ్గర ఎందుకు ఆపుతారు? మీ ఊళ్లలో ఎలా ఉంది?

రాత్రిడ్యూటీ: 22 ఏళ్లు క్యాజువాలిటీలో నర్సుగా చేశాను. ఆడవాళ్లకు, షుగరు ఉన్నవాళ్లకు గుండెపోటు ఛాతీ నొప్పిగానే రావాలని లేదు. మా దగ్గర గుమ్మంలోనే నాడి, బీపీ, ఆక్సిజన్ చూసి ప్రాణాపాయం ఎంతో దాన్నిబట్టి చేతికి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ పట్టీ కట్టేవాళ్లం. ఎరుపు అయితే చీటీ తరువాతే.

గట్టుమీద: పట్టీల సంగతి నాకు చెప్పకండి. మా తమ్ముడు చెయ్యి విరిగి వెళ్తే ఆకుపచ్చ కట్టి, నొప్పికి సూది కూడా వేయకుండా నాలుగు గంటలు బల్ల మీద కూర్చోబెట్టారు. ముందు వచ్చినవాడిని ముందు చూడటమే న్యాయం.

రాత్రిడ్యూటీ: ఇది రేషన్ దుకాణం వరస కాదు. ఊపిరి అందనివాడు ఎంత వెనక వచ్చినా అతనిదే ముందు.

గట్టుమీద: ఊపిరి అందనివాడికి నేను అడ్డుపడలేదు. ఎవరో నాయకుడు ఫోను చేశాడని ఒకతను నడుచుకుంటూ లోపలికి పోయాడు. అతనికి ఏ రంగు కట్టారు? 22 ఏళ్లంటున్నారు, అలాంటి ఫోన్లు మీరు ఎత్తలేదా?

రాత్రిడ్యూటీ: ఎత్తాను. రెండుసార్లు కుదరదన్నాను. రెండోసారి నన్ను బదిలీ చేశారు. తెలియకుండా నిలదీయకండి.

న్యాయపీఠం: 1989లోనే పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది: ప్రభుత్వమైనా ప్రైవేటైనా ముందు ప్రాణం కాపాడాలి, పోలీసు కాగితాలు తరువాత. రైలు నుంచి పడ్డ మనిషిని కలకత్తా ఆసుపత్రులు పడకల్లేవని తిప్పి పంపితే, 1996లో 25,000 రూపాయల పరిహారం ఇప్పించింది.

గట్టుమీద: తీర్పు చదివి వినిపిస్తే తలుపు తీస్తారా?

పాతపైలట్: 108లో 11 ఏళ్లు బండి నడిపాను. మీరంతా వెంట మనుషులున్న రోగుల గురించే మాట్లాడుతున్నారు. ఒకసారి ఒడిశా నుంచి వచ్చిన ఇటుకబట్టీ కూలీని తీసుకెళ్లాం. “వెంట ఎవరు?” అన్నారు. ఎవరూ లేరు. రక్తం పరీక్షకు తీసుకెళ్లేవారు లేరు, ట్రాలీ తోసేవారు లేరు. మా స్ట్రెచర్ మీదే గంటన్నర ఉన్నాడు. అది ఖాళీ కాక ఇంకో కాల్‌కు మేము కదలలేకపోయాం. ముందు ఒంటరివాళ్ల కోసం ఒక మనిషిని పెట్టండి.

మెట్టరైతు: మా ఏరియా ఆసుపత్రిని మెచ్చుకోవాలి. మా నాన్నను రక్తపింజర కరిస్తే గాజు గొట్టంలో రక్తం పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచారు. వంచితే నీళ్లలా జారింది, గడ్డకట్టలేదు, అంటే విషం ఎక్కినట్టే. వెంటనే విరుగుడు ఎక్కించారు. దానికి ముందు ప్రైవేటులో లక్ష కట్టమన్నారు.

న్యాయపీఠం: ఆ లక్ష అడిగినందుకు ఫిర్యాదు చేయాల్సింది.

మెట్టరైతు: నాన్న చెయ్యి ఉబ్బిపోతుంటే ఫిర్యాదు రాస్తూ కూర్చోమంటారా?

కృష్ణాతీరం: అమ్మ ఇంటికి వచ్చింది. ఇంకోసారి ఇలా జరిగితే గుమ్మంలో ఏం చెప్పాలి?

రాత్రిడ్యూటీ: గ్యాసు అనే మాట మీ నోట రానివ్వకండి. చెమట ఎన్ని గంటలకు పట్టిందో చెప్పి, ఈసీజీ కావాలని పేరుపెట్టి అడగండి.

గట్టుమీద: మా తమ్ముడికి నొప్పి సూది ఎందుకు వేయలేదో ఇంకా ఎవరూ చెప్పలేదు.