సాక్ష్యమా, వాంగ్మూలమా?

బహిరంగ విచారణ సంఘాల ముందు పలువురు చెప్పిన మాటల ఆధారంగా పిల్లల రక్షణలో జరిగిన వైఫల్యాలపై తెలుగులో వ్యాసం రాస్తున్న మిత్రురాలు, ఆ మాటలను 'సాక్ష్యం' అనాలా, 'వాంగ్మూలం' అనాలా అని అడిగారు. రెండూ పర్యాయపదాలేనని తేల్చేయడానికి నాకు మనసొప్పడం లేదు.

సాక్షి అంటే స్వయంగా చూసినవాడు. 'సాక్షాద్ద్రష్టరి సంజ్ఞాయామ్' అని పాణిని సూత్రం. వాంగ్మూలంలో ఉన్నది చూపు కాదు, వాక్కు. (వాఙ్మయంలో లాగా ఇది వాఙ్మూలం కావాలి కాని, గకారం చేరిన రూపమే కోర్టుల్లోనూ పత్రికల్లోనూ స్థిరపడింది కనుక దానిని తప్పుపట్టను.)

లండన్‌లో 2000 ఫిబ్రవరిలో, ఎనిమిదేళ్ల వయసులో, తనను పెంచుతానని ఐవరీ కోస్ట్ నుంచి తీసుకొచ్చిన బంధువురాలూ ఆమె సహచరుడూ పెట్టిన హింసకు చనిపోయిన విక్టోరియా క్లింబియే ఉదంతంలో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. ఆ పాప ఒంటి మీద 128 గాయాల గుర్తులు ఉన్నాయి. ఆ మరణంపై ప్రభుత్వం నియమించిన లార్డ్ లేమింగ్ విచారణ సంఘం ముందుకు సంక్షేమ ఉద్యోగులు, పోలీసులు, వైద్యులు వచ్చి చెప్పినదాంట్లో ఎక్కువ భాగం తాము చూసినది కాదు, చూడవలసి ఉండి చూడనిది, అడగవలసి ఉండి అడగనిది. 1999 జూలైలో ఒక ఆసుపత్రిలో పాప ఒంటి మీది గాయాలను గజ్జి అనుకున్నారు. దాంతో, పాపను ఇంటికి పంపకుండా ఆపి ఉంచిన పోలీసుల రక్షణ ఎత్తివేసి మళ్లీ ఆ ఇంటికే పంపారు. కాపాడే అవకాశం కనీసం 12 సార్లు చేజారిందని 2003 జనవరిలో వెలువడిన నివేదిక తేల్చింది. చూడని సంగతి చెప్పేవారిని సాక్షులని ఎలా అంటాం?

అందుకే నా ఓటు వాంగ్మూలానికే. అయితే అది సంఘటన ముగిసిన చాలా కాలానికి, న్యాయవాదుల ప్రశ్నల మధ్య, ఉద్యోగమూ పరువూ పణంగా ఉన్నవారు చెప్పిన మాట; అందులో పశ్చాత్తాపమూ ఉండవచ్చు, ఆత్మరక్షణా ఉండవచ్చు. దానిని నాటి కేసు కాగితాలతో, తేదీలతో సరిచూసి నిర్ధారించుకున్నదానిని మాత్రమే వ్యాసంలో 'సాక్ష్యం' అనడం నాకు న్యాయంగా తోస్తోంది.

ఒక ఇబ్బంది మిగిలే ఉంది. వాంగ్మూలం అనగానే తెలుగు పాఠకుడికి ముందుగా స్ఫురించేది మరణ వాంగ్మూలం. ఇక్కడ మాట్లాడినవారంతా బతికి ఉన్న పెద్దలు, పాప వాంగ్మూలం ఎవరూ నమోదు చేయలేదు. ఈ సంగతి వ్యాసం మొదట్లోనే ఒక వాక్యంలో చెప్పమని మిత్రురాలికి నా మనవి.