సోవియట్ పాస్‌బుక్కుల్లో డబ్బు పోయింది 1992లోనా, అంతకు ముందేనా?

పాత నాణెం:
1992 జనవరి 2న యెగోర్ గైదార్ ప్రభుత్వం రష్యాలో చాలావరకు ధరల మీద అదుపు ఎత్తేసింది. ఆ ఒక్క నెలలోనే ధరలు మూడున్నర రెట్లయ్యాయి. ఏడాది తిరిగేసరికి 26 రెట్లు. పొదుపు బ్యాంకులో 5,000 రూబుళ్ళున్న కుటుంబాన్ని తీసుకోండి. 1990లో సగటు జీతం నెలకి 270 దాకా ఉండేది కాబట్టి అది ఏడాదిన్నర జీతం. 1992 డిసెంబరు జీతాలతో చూస్తే పది రోజుల జీతం. పాస్‌బుక్కులో అంకె మాత్రం చెక్కుచెదరలేదు. దోషి గైదారే అని నా మాట. కాదనేవాళ్ళు లెక్కలతో రండి, ‘పాపం ఆయనకి వేరే దారి లేదు’ అని మాత్రం అనకండి.

తూకంరాళ్ళు:
లెక్కలే చెప్తాను. జనం పొదుపు 1970లో 4,700 కోట్ల రూబుళ్ళ లోపు, 1985లో 22 వేల కోట్లు, 1990 చివరికి 38 వేల కోట్ల దగ్గర. సరుకులు ఆ లెక్కన పెరిగాయా? లేదు. వడ్డీ మామూలు ఖాతాకి 2 శాతం, గడువు ఖాతాకి 3. ఆ వడ్డీకి ఆశపడి ఎవరూ వెయ్యలేదు. కొనడానికేమీ దొరక్క మిగిలిన జీతం అక్కడ పడింది, అంతే. కారు కోసం ఏళ్ళ తరబడి వరసలో ఉన్నవాడి డబ్బు ఎక్కడో ఒకచోట ఉండాలి కదా.

అసలు కన్నం ఎక్కడ పడిందో చూడాలి. సోవియట్ వ్యవస్థలో డబ్బు రెండు రకాలు. కార్ఖానాల మధ్య ఖాతా నుంచి ఖాతాకి నడిచేది ఒకటి, జీతాలకిచ్చే నోట్లు రెండోది. రెంటి మధ్యా గోడ. యంత్రాలకని మంజూరైన సొమ్ముని జీతం నోట్లుగా మార్చడం కుదిరేది కాదు. 1988 నుంచి అమలైన ప్రభుత్వ సంస్థల చట్టం మిగులుని కార్ఖానా చేతిలో ఉంచింది. అదే ఏడాది వచ్చిన సహకార సంఘాల చట్టం గోడకి తలుపు పెట్టింది. ఎలాగంటే, కార్ఖానా ఓ సహకార సంఘానికి పనిచ్చినట్టు ఖాతా ద్వారా చెల్లిస్తుంది, సంఘం దాన్ని నోట్లుగా తీసుకుంటుంది. నోట్లు బజారున పడ్డాయి. దుకాణంలో ధర కదలదు. కదలాల్సింది క్యూ ఒక్కటే.

పాత నాణెం:
ఆ క్యూకి కారణం కూడా ప్రభుత్వమే కదండీ. 1985లో మద్యం మీద పడ్డారు, ఖజానాకి ఆ రాబడి తగ్గింది. జనం ఇళ్ళల్లో సారా కాయడం మొదలెట్టేసరికి పంచదార మాయమై కూపన్లొచ్చాయి. 1986లో చమురు ధర పడింది. లోటుని నోట్ల ముద్రణతో పూడ్చారు. ఒప్పుకుంటాను. కానీ అది పొదుపు విలువని తగ్గించింది. హత్య చేసింది 1992. జబ్బుచేసిన వాణ్ణి చంపినా హత్యే.

కుంపటి:
మధ్యలో సోవియట్ ప్రధాని పావ్లోవ్‌ని వదిలేశారేం ఇద్దరూ? 1991 జనవరి 22, మంగళవారం రాత్రి 9 గంటల వార్తల్లో ప్రకటించారు: 1961 నమూనా 50, 100 రూబుళ్ళ నోట్లు ఇక చెల్లవు. ఆ వేళకి బ్యాంకులూ దుకాణాలూ మూసేశారు. మార్చుకోవడానికి మూడు రోజులు, 23 నుంచి 25 దాకా. మనిషికి 1,000 రూబుళ్ళ వరకే, పింఛనుదారులకి 200. అది దాటితే డబ్బెక్కడిదో కమిషన్ ముందు చెప్పుకోవాలి. ఆ రాత్రే కొందరు రైల్వే కౌంటర్లకి పరుగెత్తి పెద్ద నోట్లతో దూరప్రయాణాల టికెట్లు కొన్నారు, తర్వాత రద్దు చేసుకుంటే చిన్న నోట్లు చేతికొస్తాయని. (మన దగ్గర 2016 నవంబరు గుర్తొచ్చిందా? అక్కడ కథ మూడు రోజుల్లో ముగిసింది.) పొదుపు ఖాతాల నుంచి నెలకి 500 కంటే తియ్యకూడదని కూడా కట్టడి పెట్టారు. ఇంత చేసి లాగింది సుమారు 1,400 కోట్ల రూబుళ్ళు. 38 వేల కోట్ల ముందు అదెంత?

తర్వాత ఏప్రిల్ 2న ధరలు పెంచారు. మాస్కో మెట్రో టికెట్ 5 కొపెక్కుల నుంచి 15 అయింది. పరిహారంగా మార్చి 1 నాటి నిల్వకి 40 శాతం కలిపారు గానీ అందులో ఎక్కువ భాగం వెంటనే తియ్యడానికి వీల్లేదు. తియ్యనివ్వని డబ్బుని డబ్బంటారా? గైదార్ రాకముందే ఆ పాస్‌బుక్కు సగం చిత్తుకాగితం.

కొలతల శాస్త్రి:
వాదన పక్కదారి పడుతోంది. ధరలు వదలడం ఒక నిర్ణయం, వడ్డీని వదలకపోవడం ఇంకో నిర్ణయం. రెండూ కలిపి చూస్తున్నారు మీరంతా.

1992 జనవరిలో రష్యా కేంద్ర బ్యాంకు రేటు ఏడాదికి 20 శాతం. ఏప్రిల్‌లో 50, మే చివరికి 80. ధరలు 26 రెట్లవుతుంటే 80 శాతం! ఆ రేటుకి అప్పు తెచ్చుకున్న కార్ఖానాకి పండగ, ఎందుకంటే తిరిగి కట్టేనాటికి ఆ అప్పు చిల్లర. అప్పు తీసుకున్నవాడి లాభం ఎక్కణ్ణించి వచ్చింది? డిపాజిట్ పెట్టినవాడి జేబులోంచి. పోలండ్‌లో 1990 జనవరిలో ఆర్థికమంత్రి బాల్సెరోవిచ్ కేంద్ర బ్యాంకు రేటు నెలకి 36 శాతం పెట్టించారు. ఏడాదికి కాదు, నెలకి. ఆ నెల అక్కడ ధరలు 80 శాతం దాకా పెరిగినా తర్వాత్తర్వాత తగ్గుముఖం పట్టాయి.

తూకంరాళ్ళు:
శాస్త్రిగారూ, పోలండ్ మాట సగమే చెప్పారు. అక్కడ 1989లోనే ధరలు మండి పాత జ్లోటీ పొదుపు కరిగిపోయింది. నెలకి 36 శాతం ఇచ్చింది మిగిలిన పిసరు మీద. రష్యాలో ఆ రేటు 38 వేల కోట్లలో దాని వాటా మీద కట్టాలి. ఎవరు కడతారు? పొదుపు బ్యాంకు చేతిలో ఉన్న ఆస్తి ఏమిటి? ప్రభుత్వానికి ఇచ్చిన అప్పు. జనం డబ్బు ఎప్పుడో సోవియట్ కేంద్ర బ్యాంకైన గోస్‌బ్యాంకు గుండా బడ్జెట్లోకి పోయి ట్యాంకులూ ఆనకట్టలూ మాంసం రాయితీలూ అయింది. వడ్డీ కట్టాలంటే నోట్లే ముద్రించాలి, ముద్రిస్తే ధరలు ఇంకా పెరుగుతాయి, మళ్ళీ వడ్డీ. కుక్క తన తోకని పట్టుకోబోయినట్టు.

ఇంకో రుజువు, ఉక్రెయిన్. అక్కడ గైదార్ లేడు. 1993లో ధరలు ఏడాదిలో వంద రెట్లు దాటి పెరిగాయి. పాస్‌బుక్కులు అక్కడా పోయాయి.

పాత నాణెం:
ఉక్రెయిన్ నా పక్షం సాక్షి అండీ. రష్యా ధరలు వదిలిందని గత్యంతరం లేక వాళ్ళూ వదిలారు. పైగా ఉమ్మడి రూబుల్. 1992లో నోట్ల ముద్రణ మాస్కోలోనే, కానీ ప్రతి రిపబ్లిక్ కేంద్ర బ్యాంకూ తన కార్ఖానాలకి ఖాతా రూబుళ్ళు అప్పుగా రాసిచ్చేది. ఒక్కటే ట్యాంకు, అందరి చేతుల్లోనూ కుళాయి. జులై 1 నుంచి గానీ రష్యా ఆ ఖాతాలని విడదీయలేదు. ఆర్నెల్లు ఎందుకు ఆగారు? ముందు కుళాయి కట్టేసి తర్వాత ధరలు వదిలి ఉంటే 26 రెట్లు అయ్యేవా?

కుంపటి:
ఇది మంచి పాయింటు. దీనికి తోడు ఆ వేసవిలో కార్ఖానాలు ఒకదానికొకటి డబ్బు కట్టడం మానేశాయి. బకాయిలు 3.2 లక్షల కోట్ల రూబుళ్ళకి చేరాయి. జులైలో కేంద్ర బ్యాంకుకి వచ్చిన గెరాష్చెంకో ఆ బకాయిల్ని ఎదురెదురుగా కొట్టేసి, తేలని దానికి అప్పులిచ్చారు. శరదృతువుకి ధరలు మళ్ళీ లేచాయి. ఆయన్ని వేసింది పార్లమెంటు, గైదార్ కాదు. కాబట్టి ‘గైదార్ సర్కారు’ అని ఒక్క పేరుతో లెక్క తేల్చలేం.

కానీ తూకంరాళ్ళు గారికి ఒక ప్రశ్న. డబ్బుకి సరిపడా సరుకు లేదన్నారు. సరుకు లేకపోతే ఆస్తి ఉంది కదా! ఇళ్ళు, లారీలు, దుకాణాలు అమ్మి ఆ రూబుళ్ళని వెనక్కి లాక్కోవచ్చు కదా? 1990 నాటి మార్కెట్ సంస్కరణల ‘500 రోజుల’ పథకంలో సరిగ్గా ఈ ఆలోచనే ఉంది.

తూకంరాళ్ళు:
1990లో అయితే కుదిరేది, గోర్బచేవ్ దాన్ని పక్కన పెట్టారు. 1992కి దుకాణాల్లో అల్మరాలు ఖాళీ, శీతాకాలం నడుస్తోంది. వేలంపాటలు పెట్టే యంత్రాంగం లేదు. పైగా ఇళ్ళు అమ్మలేదు, ఊరికే ఇచ్చారు. 1991 జులై చట్టం ప్రకారం ప్రభుత్వ ఫ్లాట్లో ఉంటున్నవాడు దరఖాస్తు పెట్టుకుంటే అది అతనిదే. 5,000 పోయింది గానీ ఫ్లాటు వచ్చింది. ఆ లెక్క ఎవరూ వెయ్యరేం?

కొలతల శాస్త్రి:
వేస్తాను. ఫ్లాటున్నవాడికి ఫ్లాటు వచ్చింది. ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం ఉండే ఉమ్మడి ఫ్లాట్లలోనూ కార్మికుల హాస్టళ్ళలోనూ ఇల్లు కోసం వరసలో ఉన్నవాడికి? వాడికి రెండూ పోయాయి. అందరికంటే ఎక్కువ పొదుపు చెయ్యాల్సి వచ్చింది సరిగ్గా వాడికే. మాస్కో నడిబొడ్డున మూడు గదులున్న అధికారికి ఆ చట్టం అదృష్టలక్ష్మి. సగటు తీసి ‘ఫ్లాటు వచ్చింది’ అంటే ఎలాగండీ?

నీలిమ_రె:
అందరూ ఎవరు తిన్నారన్న దగ్గరే ఆగిపోయారు. తిరిగి ఎంత ఇచ్చారో కూడా చూడండి, అందులోనే వాళ్ళు ఏం ఒప్పుకున్నారో తెలుస్తుంది. 1995 చట్టం ఆ పొదుపుని రష్యా ప్రభుత్వ అప్పుగా గుర్తించింది. కొనుగోలు శక్తికి తగ్గట్టు తిరిగిస్తామంది, కానీ ఆ భాగం అమలుని వాయిదా వేస్తూనే ఉన్నారు. నిజంగా ఇచ్చేది వేరే లెక్క. ఆధారం 1991 జూన్ 20 నాటి నిల్వ. 1945 వరకు పుట్టినవారికి దానికి మూడింతలు, 1946 నుంచి 1991 మధ్య పుట్టినవారికి రెండింతలు. ఖాతా ఎప్పుడు మూసేశారన్న దాన్ని బట్టి కోత: 1992లో అయితే 0.6తో గుణించాలి, 1993కి 0.7, 1994కి 0.8, 1995కి 0.9. ఆ తర్వాత మూసినా, ఇంకా ఉంచినా పూర్తిగా. 1991 డిసెంబరు 31 లోపు మూసేసిన వాళ్ళకి ఏమీ రాదు.

పాత నాణెం గారి 5,000నే తీసుకుందాం. 1950లో పుట్టి, 1994లో ఖాతా మూసిన వ్యక్తి: 5,000 × 2 × 0.8 = 8,000 రూబుళ్ళు. ఇదివరకు తీసుకున్న పరిహారం అందులోంచి తీసెయ్యాలి.

పాత నాణెం:
1998లో మూడు సున్నాలు కొట్టేశారు కదా? అంటే 5,000 కాస్తా 5 రూబుళ్ళు అవ్వాలి. 8,000 అంటే దయ చూపినట్టేనా?

నీలిమ_రె:
లేదండీ. పరిహారంలో సోవియట్ రూబుల్‌కి కొత్త రూబుల్ ఒకటికి ఒకటి లెక్క. సున్నాల కోత దీనికి వర్తించదు. కానీ ఏడాదిన్నర జీతం పెట్టినవాడికి తిరిగొచ్చే 8,000తో ఇవాళ మాస్కోలో ఒక నెల అద్దె కూడా కట్టలేరు. ఇంకొకటి, పాస్‌బుక్కు దొరికితే పారేయకండని వారసులకి చెప్పేది ఇందుకే. ఖాతాదారు చనిపోయినా వాళ్ళు అడగొచ్చు.

తూకంరాళ్ళు:
1991 డిసెంబరులోపు మూసినవాళ్ళకి సున్నా అన్నారే, అదే నా సాక్ష్యం. జనవరి 2కి ముందు డబ్బు తీసుకున్నవాడికి నష్టమే లేదని చట్టం అనుకుంటోంది. తీసుకున్నవాడు ఆ డిసెంబరులో ఏ దుకాణంలో ఏం కొన్నాడో ఆ చట్టం రాసినవాళ్ళని అడగాలి.