బికినీ దీవి పీతల్లో సీజియం: నేల వల్లా, తిండి వల్లా?

గోదారిగాలి: 1954 మార్చి 1న అమెరికా పసిఫిక్ మహాసముద్రంలోని బికినీ పగడపు దీవుల్లో 15 మెగాటన్నుల హైడ్రోజన్ బాంబును పరీక్షగా పేల్చింది. అక్కడి కొబ్బరి పీతల్లో బాంబు బూడిదలోని రేడియోధార్మిక పదార్థం సీజియం-137 బాగా ఎక్కింది, చుట్టూ ఉన్న సముద్రపు చేపల్లో మాత్రం తక్కువ. అన్నిటి మీదా పడింది ఒకే బూడిద కదా?

జువాలజీమాస్టారు: తేడా తిండిలో ఉందండీ. పగడపు నేలలో పొటాషియం చాలా తక్కువ. అందుకని కొబ్బరి వేళ్లు దానిలాగే ఉండే సీజియాన్ని లాక్కుంటాయి. ఆ కొబ్బరి తిన్న పీత కండలో అది చేరుతుంది. సముద్రపు నీళ్లలో పొటాషియానికి కొదవ లేదు, కాబట్టి చేపకు సీజియం అంతగా ఎక్కదు. పైగా ఈ పీత పెంకు విడిచాక ఆ పెంకునే కొరికి తినేస్తుంది. కాల్షియంతోపాటు, దానిలాగే ఉండే రేడియోధార్మిక స్ట్రాన్షియం-90 కూడా తిరిగి ఒంట్లోకే వెళ్తుంది.

రొయ్యలచెరువు: సీజియం 30 ఏళ్లకు సగమవుతుంది. ఇప్పటికి రెండుసార్లు సగమైంది. ఇంకా ఈ భయపెట్టడం ఎందుకు?

జువాలజీమాస్టారు: నేను చెప్పేది ఎంత మిగిలిందని కాదు, మిగిలింది ఎవరి కడుపులోకి పోతోందని.

రొయ్యలచెరువు: సగమవుతుందా లేదా? అది చెప్పండి. నా సరుకు ఒకసారి మందు అవశేషాలున్నాయని వెనక్కి కొట్టారు. మేత మార్చి, మళ్లీ టెస్టు చేయించి కాగితాలు చూపించినా కొనేవాడు లేడు. ముద్ర పడితే పోదు సార్.

కడలిపక్షి: టాపిక్ రొయ్యలు కాదు 🙏

లక్ష్మి_కె: మనుషుల సంగతి ఎవరూ ఎత్తరేం? బాంబు పరీక్షల కోసం దీవివాళ్లను ముందే ఖాళీ చేయించారు. 1968లో అమెరికా అధ్యక్షుడు జాన్సన్ ప్రభుత్వం ఇక భయం లేదంటే వాళ్లలో కొన్ని కుటుంబాలు తిరిగి వెళ్లాయి. అక్కడి కొబ్బరే తిన్నారు. ఒంట్లో సీజియం పెరిగిపోయిందని 1978లో మళ్లీ ఖాళీ చేయించారు.

జువాలజీమాస్టారు: అందుకే తోటలకు పొటాషియం ఎరువు వేసి చూశారు. కాయలో సీజియం బాగా తగ్గింది. ఎరువు వేస్తూ, బయటి బియ్యం తింటే ఉండొచ్చు.

లక్ష్మి_కె: బయటి బియ్యమా! బాంబు వేసినవాళ్లు వాళ్ల తిండి వాళ్లు తింటారు, దీవివాళ్లు మాత్రం తాతల నాటి తిండి మానుకోవాలా? ఇంతసేపూ మీరు పీత ఏం తింటోందనే చూశారు మాస్టారూ.

జువాలజీమాస్టారు: కోపం అర్థమైందమ్మా. కానీ తిండి దారి తెలియకపోతే ఎరువు వేయాలనైనా ఎలా తెలుస్తుంది?

రొయ్యలచెరువు: నా గొడవా అదే. దీవి మొత్తానికి చెడ్డపేరు పెట్టకండి. ఏ చెట్టు, ఏ కాయ, ఎంత అని కొలిచి, ఆ కాగితం దీవివాళ్ల చేతికివ్వండి.

లక్ష్మి_కె: కొలిచేవాళ్లను ఎంచుకునే హక్కు కూడా వాళ్లకే ఉండాలి. 1968లో కొలిచింది ఎవరో మర్చిపోకండి.