రక్తం ఎక్కించే రోజు సంగతి పిల్లలకు ముందే చెప్పాలా, వద్దా?

ఖమ్మం అమ్మ:
మా బాబుకి అయిదేళ్లు, తలసేమియా మేజర్, అంటే పుట్టుకతోనే ఒంట్లో రక్తం సరిగా తయారుకాని జబ్బు. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. రేపు ఆస్పత్రి అని చెబితే చాలు, ఆ రాత్రి అన్నం ముట్టడు, నిద్రపోడు. "పార్కుకని చెప్పి తీసుకెళ్లండి, వాడికెందుకు ముందే బెంగ" అంటారు అత్తగారు. మా ఆయన అబద్ధం చెప్పనంటారు. ప్రతిసారీ ఇంట్లో ఇదే రగడ. మీరెలా చేస్తున్నారు?

నిజామాబాద్ నాన్న:
నేనైతే చెప్పొద్దనే అంటా. మా పాపకు నాలుగేండ్లు. చెప్పినా చెప్పకున్నా సూది గుచ్చుడు తప్పదు గద. ముందే చెప్పి రాత్రంతా భయపెట్టుడు ఎందుకు? ఆస్పత్రి గేటు కాడ చెప్త, అయిదు నిమిషాలు ఏడుస్తది, అయిపోతది.

పెద్దయిన తలసేమియా పిల్లాడు:
అన్నా, ఆ పిల్లల వైపు నుంచి చెప్తున్నా. నాకు ఉద్యోగం వచ్చింది, ఇప్పటికీ రక్తం ఎక్కించుకుంటూనే ఉన్నా. చిన్నప్పుడు నన్నూ అలాగే తీసుకెళ్లేవాళ్లు. కొన్నాళ్లకి నిజంగా అమ్మమ్మ ఊరికి బయల్దేరినా బస్టాండులో కూలబడి ఏడ్చేవాణ్ని. కొత్త చొక్కా తొడిగినా అనుమానమే. సూది భయం ఆ గదిలోనే ఉండాల్సింది, మా ఇంట్లోకి కూడా వచ్చేసింది. ఒకటి రెండు సార్లతో అయిపోయే వైద్యమైతే మీ పద్ధతి సాగుతుందేమో. ఇది ఏళ్ల తరబడి నడిచేది.

డే కేర్ సిస్టర్:
చెప్పాలా వద్దా అని కాదు, ఎప్పుడు, ఎలా అన్నది చూడండి. మూడు నాలుగేళ్ల వాళ్లకి అదే రోజు పొద్దున్న చెప్పినా చాలు. అయిదారేళ్లు దాటితే ముందురోజు సాయంత్రం రెండు ముక్కల్లో చెప్పి ఊరుకోండి. వారం ముందునుంచి బుజ్జగించడం మొదలుపెడితే అదే పెద్ద బెదిరింపు.

ఖమ్మం అమ్మగారూ, ఒకటి అడుగుతాను. ముందురోజు అన్నం మానేయడం అచ్చంగా భయమేనా? ఎక్కించే ముందు హిమోగ్లోబిన్ 9.5 నుంచి 10.5 మధ్య ఉండేలా చూడమంటారు. అది ఏడుకీ ఎనిమిదికీ పడిపోయిన పిల్లలు మామూలుగానే నీరసంగా, చిరాగ్గా ఉంటారు. పాత రిపోర్టులు తీసి చూడండి. ప్రతిసారీ తక్కువగా ఉంటే ఇంకాస్త తొందరగా ఎక్కించాలేమో డాక్టర్ని అడగండి.

ఇక సూది దగ్గర. పిల్లాణ్ని పడుకోబెట్టి నలుగురు అదిమి పట్టుకోవడం మా దగ్గరా చూస్తాను, నాకు నచ్చదు. ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకుని, మీ చేతుల్లో పొదివి పట్టుకోండి. "ఏం కాదు, ఏం కాదు" అని జపం చేయొద్దు. పెద్దవాళ్ల గొంతు వణికిందంటే పిల్లలు ఇట్టే పసిగడతారు. సబ్బు బుడగలు ఊదించండి, ఫోన్‌లో వాడికిష్టమైన బొమ్మలు పెట్టండి. ఇలా దృష్టి మళ్లిస్తే సూది నొప్పీ భయమూ తగ్గుతాయని వైద్య పరిశోధనలన్నీ కలిపి చూసే కాక్రేన్ సంస్థ 2018 సమీక్షలో కూడా ఉంది. ఏ చెయ్యో వాణ్నే ఎంచుకోనివ్వండి. సూది వద్దనే హక్కు వాడికి లేదు, కనీసం చెయ్యి అయినా వాడి ఇష్టం.

డల్లాస్ తెలుగమ్మాయి:
సిస్టర్ చెప్పినవన్నీ చేయడానికే ఇక్కడి పిల్లల ఆస్పత్రుల్లో చైల్డ్ లైఫ్ స్పెషలిస్టులని ఉంటారు. ముందే బొమ్మకి కాన్యులా (నరంలో ఉంచే సన్నని గొట్టం) పెట్టి చూపిస్తారు. ఇంట్లో మీరూ సూది లేని సిరంజితో ఆ ఆట ఆడించొచ్చు.

నిజామాబాద్ నాన్న:
అమ్మా, మీ తాన గట్ల నడుస్తది. మా దిక్కు బెడ్లన్నిటికీ ఒక్కతే సిస్టర్. నరం దొరక్క మూడో పోటు పొడుస్తుంటే బుడగలు ఎవరు ఊదుతరు? దానికితోడు ఎక్కించే రక్తం సరిపడతదా అని చూసే క్రాస్‌మ్యాచ్ శాంపిల్ కోసం ముందురోజు ఇంకో సూది. నొప్పి తగ్గే క్రీమ్ అడిగితే నరం ముడుచుకుంటదని వద్దన్నరు. గివి తక్కువ చేయుండ్రి, చెప్పుడు సంగతి తర్వాత.

డే కేర్ సిస్టర్:
మీ కోపం న్యాయమే. పోట్లు తగ్గించకుండా మాటలతో సర్దిచెప్పడం నాకూ ఇష్టం లేదు. కాన్యులా పెట్టేటప్పుడే దాంట్లోంచి శాంపిల్ తీసే చోట్లు ఉన్నాయి, అడగండి. క్రాస్‌మ్యాచ్ అయ్యేదాకా కాసేపు ఎక్కువ కూర్చోవాలి, అంతే. లిడోకైన్, ప్రిలోకైన్ కలిసిన క్రీమ్ రాస్తే చర్మం తెల్లబడి నరం సన్నగా కనబడే మాట నిజమే. తుడిచేసి కొద్దిసేపు ఆగి, గోరువెచ్చని గుడ్డ వేస్తే మళ్లీ తేలుతుంది. అసలు చిక్కేంటంటే, గంట ముందు రాసి పైన ప్లాస్టిక్ అంటించాలి, అందరూ గదిలోకి వచ్చాక రాస్తారు.

పెద్దయిన తలసేమియా పిల్లాడు:
ఇంకొకటి. పదేపదే ఎక్కించే రక్తంతో ఒంట్లో పేరుకునే ఇనుముని తగ్గించే మాత్రల గురించి ఎవరూ మాట్లాడలేదు. ఆస్పత్రి విషయంలో మోసపోయిన పిల్లాడు, పదమూడేళ్లొచ్చాక "ఈ మాత్ర మంచిదిరా" అంటే నమ్మడు. నేను కొన్నాళ్లు పారేశాను. ఒంట్లో ఇనుము ఎంత పేరుకుందో చెప్పే ఫెరిటిన్ ఎంతకెళ్లిందో ఇక్కడ రాయను.

నిజామాబాద్ నాన్న:
సరే తమ్మీ, మాత్రల ముచ్చట ఆలోచించాల్సిందే. కానీ నాలుగేండ్ల పిల్లకు ముందురాత్రి మాత్రం చెప్ప. పొద్దుగాల చెప్త.

ఖమ్మం అమ్మ:
రిపోర్టులు తీశాను. పోయినసారి 7.8, అంతకుముందూ ఎనిమిది దాటలేదు. డాక్టర్‌తో మాట్లాడతాను. సిస్టర్‌గారూ, క్రీమ్ వాడెంచుకున్న చేతికి రాస్తే చాలా?

డే కేర్ సిస్టర్:
రెండు చేతులకీ రాయండి, మొదటి చేతిలో నరం దొరక్కపోవచ్చు. మొత్తం ఎంత రాయాలో బరువుని బట్టి డాక్టర్ చెబుతారు, ఎక్కువ పూసెయ్యొద్దు.