డ్రైవర్ మాడ్యూల్‌ను తొలగించేటప్పుడు అప్పుడప్పుడూ కర్నెల్ ప్యానిక్: మ్యూటెక్స్ పెట్టినా ఆగడం లేదు

ప్రశ్న (అనంతపురం నుంచి)

బోరు మోటార్ల నీటి ప్రవాహాన్ని కొలిచే చిన్న ఏఆర్ఎమ్ బోర్డు కోసం లైనక్స్‌లో ఒక ఎస్‌పీఐ (చిప్పులను బోర్డుకు కలిపే సీరియల్ బస్) డ్రైవర్ రాశాము. త్రీఫేజ్ కరెంటు పోయి వచ్చినప్పుడల్లా సెన్సర్ చిప్పు మొరాయిస్తుంది కనుక, మా స్క్రిప్టు మాడ్యూల్‌ను తొలగించి మళ్లీ ఎక్కిస్తుంది. ఆ తొలగింపులోనే అప్పుడప్పుడూ ప్యానిక్ (కర్నెల్ కోలుకోలేని తప్పుతో ఆగిపోవడం) వస్తోంది. చిప్పు నుంచి ఇంటరప్టు (సంకేతం) రాగానే నడిచే ఇంటరప్ట్ హ్యాండ్లర్, రీడింగు తీసే పనిని (వర్క్) వర్క్‌క్యూకు, అంటే కర్నెల్ తరువాత నడిపే పనుల వరుసకు, అప్పగిస్తుంది. ఇంటరప్టును ప్రోబ్‌లో (డ్రైవర్ మొదలయ్యే ఫంక్షన్) డెవ్‌ఎమ్ పద్ధతిలో (వనరును కర్నెలే తనంతట వదిలే పద్ధతి) నమోదు చేసి, రిమూవ్ ఫంక్షన్‌లో క్యాన్సిల్ వర్క్ సింక్‌తో వర్క్‌ను రద్దు చేసి, ఆ తరువాత కేఫ్రీతో రీడింగుల బఫర్ విడుదల చేస్తున్నాము. బఫర్‌కు మ్యూటెక్స్ (ఒకరు వాడుతుండగా మరొకరిని ఆపే లాకు) పెట్టినా ఫలితం లేదు. క్యాన్సిల్ వర్క్ సింక్‌కూ కేఫ్రీకీ నడుమ 100 మిల్లీసెకన్ల స్లీప్ పెడితే మాత్రం ప్యానిక్ బాగా తగ్గింది. ఇలాగే వదిలేయవచ్చా?

జవాబు (కర్నూలు నుంచి)

వదిలేయకండి. స్లీప్ వల్ల రేస్ కండిషన్ (రెండు పనుల్లో ఏది ముందు జరుగుతుందన్న దాన్ని బట్టి వచ్చే తప్పు) పోలేదు, అది బయటపడే సందు ఇరుకైంది, అంతే. ఇక్కడ లోపం లాకులో లేదు, వరుసలో ఉంది. డెవ్‌ఎమ్ పద్ధతిలో తీసుకున్న వనరులను కర్నెల్ రిమూవ్ ఫంక్షన్ ముగిసిన తరువాతే, తీసుకున్న క్రమానికి ఎదురు క్రమంలో వదులుతుంది. అంటే మీరు వర్క్‌ను రద్దు చేసి బఫర్‌ను వదిలేసిన తరువాత కూడా ఇంటరప్టు బతికే ఉంటుంది. ఆ సందులో ఒక్క పల్సు వచ్చినా హ్యాండ్లర్ అదే వర్క్‌ను మళ్లీ క్యూలో వేస్తుంది, అది పోయి విడుదలైన మెమరీలో రాస్తుంది. మ్యూటెక్స్ ఇద్దరు ఒకేసారి బఫర్‌ను ముట్టుకోకుండా చూస్తుందే గానీ, అసలు బఫర్ ఉందో లేదో చూడదు.

రిమూవ్‌లో మొదట చిప్పు రిజిస్టరులో ఇంటరప్టును ఆపి, నమోదైన ఇంటరప్టును అక్కడికక్కడే వదిలే డెవ్‌ఎమ్ ఫ్రీ ఐఆర్‌క్యూ కాల్ చేయండి. నడుస్తున్న హ్యాండ్లర్ ముగిసేదాకా అది ఆగుతుంది. ఆ తరువాతే క్యాన్సిల్ వర్క్ సింక్, చివరగా కేఫ్రీ. వర్క్ తీసుకునే మ్యూటెక్స్‌ను పట్టుకుని ఉండగా మాత్రం వర్క్‌ను రద్దు చేయబోకండి, రెండూ ఒకదాని కోసం ఒకటి ఆగిపోయి డెడ్‌లాక్ అవుతుంది.

ప్రశ్న అడిగినవారు

రిజిస్టరులో ఆపడం ఒక్కటే చాలదా అండీ? మా బోర్డులో రెండు సెన్సర్లు ఒకే ఇంటరప్ట్ లైనును పంచుకుంటున్నాయి.

జవాబు (కడప నుంచి)

పంచుకుంటున్నాయి కనుకనే చాలదు. రెండో సెన్సర్ లైనును లాగినా మీ హ్యాండ్లర్ నడుస్తుంది. కర్నూలు వారు చెప్పిన వరుసే సరైనది. పరీక్షించడానికి కర్నెల్‌ను కేఏఎస్ఏఎన్ (మెమరీని తప్పుగా వాడితే పట్టుకునే సాధనం), డీబగ్ ఎస్‌హెచ్ఐఆర్‌క్యూ ఆప్షన్లతో బిల్డ్ చేయండి; బోర్డు 32 బిట్లదైతే కేఏఎస్ఏఎన్‌కు 5.11 లేదా ఆపై కర్నెల్ కావాలి. రెండో ఆప్షన్, పంచుకున్న ఇంటరప్టును వదిలే సమయంలో హ్యాండ్లర్‌ను కావాలనే ఒకసారి నడిపిస్తుంది కనుక, మీ పాత కోడులోని తప్పు కరెంటు కోత కోసం ఎదురుచూడకుండా బల్ల మీదే దొరుకుతుంది. మెమరీని ఎవరు వదిలారో, తరువాత ఎవరు ముట్టుకున్నారో కేఏఎస్ఏఎన్ రిపోర్టులో రెండు కాల్ ట్రేసులుగా కనిపిస్తాయి. వాటిని ఇక్కడ పెడితే చూద్దాం.